మా పాప నాటకం క్లాసు, ఇంట్లో ఆదివారం తీపి: నా అనుభవం

పాపని నాటకం క్లాసులో చేర్చామని చెప్పగానే బెంగళూరులో మన తెలుగువాళ్ళు ముందు అడిగేది ఒకటే: "ఏ భాషలో నేర్పుతారు?" ఆ తర్వాత, "దానివల్ల ఏమొస్తుంది?" మొదటిదానికి జవాబు సులువు. కన్నడం, ఇంగ్లీషు కలిపి. మధ్యలో హిందీ, తమిళం, తెలుగు, ఏది నోటికొస్తే అది. రెండోదానికి ఒక్క ముక్కలో చెప్పడం నావల్ల కాలేదు. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి కోణనకుంటెలో ఉంటున్నాం. పాపకి ఏడేళ్ళు, రెండో తరగతి. చిన్నోడికి నాలుగు. మా అమ్మ ఏడాదిలో సగం మా దగ్గరే ఉంటుంది, పిల్లలకు ఆమె అవ్వ. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కింద ఆడుకునే చోట కన్నడం, హిందీ. పాపకి అన్నీ అర్థమవుతాయి. బడిలో మాత్రం నోరు విప్పదు. "చదువులో ఏ లోటూ లేదండీ, అడిగితే తప్ప మాట్లాడదు" అని టీచరు అంది.

తక్కువ మాట్లాడటం ఒక జబ్బని నేనెప్పుడూ అనుకోలేదు. మా నాన్న కూడా మితభాషే. నన్ను బాధపెట్టింది వేరే. పాప ఏదో చెప్పాలనుకుంటుంది, మనసులో వాక్యం కూర్చుకుంటుంది, అది తయారయ్యేలోపు మిగతా పిల్లలు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతారు. చెప్పాలనుకున్న మాటని మింగేసి ఊరుకుంటుంది. ఆ మింగడం నేను చాలాసార్లు కళ్ళారా చూశాను.

వెతకడం మే నెలలో మొదలుపెట్టాం. ఆ రోజుల్లో ఇక్కడ ఏ గోడ చూసినా సమ్మర్ క్యాంపు బోర్డులే. మైసూరులో అయితే రంగాయణ అనే నాటక సంస్థ వాళ్ళు ఎండాకాలం సెలవుల్లో చిన్నర మేళ అని పిల్లల శిబిరం పెడతారు. మా ఆఫీసులో ఒకామె చిన్నప్పుడు దానికి వెళ్ళిందట, ఇప్పటికీ ఆ మాట తీస్తే ఆమె ముఖం వెలిగిపోతుంది. నాటకం అన్న ఆలోచన నాకు ఆమె వల్లే వచ్చింది.

ముందు ఒకచోట ట్రయల్ క్లాసుకి తీసుకెళ్ళాం. పిల్లల్ని వరసగా నిలబెట్టి తలా ఒక కాగితం ఇచ్చారు. బట్టీ పట్టినవాళ్ళు ముందుకొచ్చి గట్టిగా చెప్పాలి, వాళ్ళు ఫోనులో వీడియో తీసి తల్లిదండ్రులకు పంపుతారు. గొంతు పెద్దగా ఉన్న ఇద్దరు పిల్లలే గంటసేపూ మాట్లాడారు. మిగతావాళ్ళు గోడకానుకుని తమ వంతు కోసం చూస్తూ కూర్చున్నారు. మా పాపలాంటి పిల్లకి అది ఇంకో తరగతి గదే. నా మటుకు నేను చెప్పేదేమిటంటే, ఏ క్లాసుకి వెళ్ళినా గురువుగారు ఎంత గొప్పవారో అడిగే ముందు, ఆ గంటలో పిల్లలు ఎంతసేపు ఊరికే కూర్చుంటున్నారో చూడండి.

చివరికి జయనగరలో కుదిరింది. పాత ఇంటి మేడమీద ఒక హాలు, నున్నటి ఎర్ర గచ్చు, కిటికీ బయట పనసచెట్టు. స్టేజీ లేదు, అద్దాలు లేవు. పదీ పన్నెండుమంది పిల్లలు. నేర్పే ఆవిడ హెగ్గోడులోని నీనాసం అనే నాటక శిక్షణ సంస్థలో చదువుకుని వచ్చారు. సొంతూరు బళ్ళారి, కాబట్టి తెలుగు చక్కగా వచ్చు. ఆ సంగతి తెలిసిన రోజు మా అమ్మ సంబరం చూడాలి. ప్లీడరు పని చేసుకుంటూనే తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటా నాటకాలాడిన బళ్ళారి రాఘవ గురించి మా తాత ఆమెకు కథలు కథలుగా చెప్పేవాడట. "రాఘవ ఊరి పిల్ల అయితే ఇంకేం ఆలోచిస్తావు, చేర్చెయ్" అంది. పిల్లలు మాత్రం టీచరనీ మేడమనీ పిలవరు, "అక్కా" అంటారు.

చేర్చుకునేటప్పుడు అక్క మాకు కొన్ని షరతులు పెట్టింది. క్లాసు జరిగేటప్పుడు తల్లిదండ్రులు కిందే ఉండాలి. ప్రదర్శన దాకా వీడియోలు వద్దు. పిల్ల మెట్లు దిగుతుండగానే "ఈరోజు ఏం నేర్చుకున్నావ్?" అని అడగొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ప్రాక్టీసు చేయించొద్దు. "అయితే ఇంట్లో మేమేం చెయ్యాలి?" అని మా ఆయన అడిగాడు. "చేతులతో చేసే పని ఏదైనా ఇవ్వండి. ఉత్తుత్తి పని కాదు. ఆ పిల్ల చెయ్యకపోతే నిజంగా ఆగిపోయే పని ఇవ్వండి" అంది.

ఆ మాట నన్ను బాగా పట్టుకుంది. మా ఇంట్లో ఆదివారం తీపి అలా మొదలైంది. ముందు క్లాసు సంగతి చెప్పి అక్కడికి వస్తాను.

జూన్ నుంచి ప్రతి శనివారం పొద్దున కోణనకుంటె క్రాస్‌లో మెట్రో ఎక్కి జయనగరలో దిగేవాళ్ళం. మొదట్లో పాప హాల్లోకి వెళ్ళేది కానీ కిటికీ దగ్గరే నిలబడిపోయేదట. అక్క లాగలేదు, బతిమాలలేదు. చేతికి ఒక జత తాళాలిచ్చి, "అందరూ నడుస్తుంటారు. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు కొట్టు. నువ్వు కొడితే ఆగుతారు, మళ్ళీ కొడితే నడుస్తారు" అని చెప్పిందట. పాప కొట్టేదాకా ఎవరూ ఆగలేదు. కొట్టగానే అందరూ రాళ్ళలా నిలబడిపోయారు. ఇది తనే నాకు చెప్పింది, నేనడక్కుండానే, మెట్రోలో, బనశంకరి స్టేషను దాటాక.

వాళ్ళాడే ఆటల్లో చాలావాటికి మూలం వయొలా స్పోలిన్ అనే అమెరికన్ ఆవిడ అని అక్క చెప్పింది. ఆవిడ షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేసేది. ఒకరి భాష ఒకరికి రాని పిల్లలంతా కలిసి ఆడగలిగేలా ఆ ఆటలు తయారుచేసింది. 1963లో అవి పుస్తకంగా వచ్చాయి. అది విన్నాక, ఇంటికొక భాష ఉన్న మా బెంగళూరు పిల్లలకి ఇంతకన్నా తగిన ఆటలు ఎక్కడ దొరుకుతాయి అనిపించింది.

టర్ము మధ్యలో ఒక్కరోజు మమ్మల్ని పైకి పిలిచి గోడ పక్కన కూర్చోమంది. అద్దం ఆట చూశాం. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు, ఒకరు చేసినట్టే రెండోవారు చెయ్యాలి. మా పాపకి ఎదురుగా ఒక తమిళ పిల్లాడు. వాడు చెయ్యి నెమ్మదిగా ఎత్తాడు, పాప ఎత్తింది. వాడు చిటికెన వేలు వంచాడు, తనూ వంచింది. నాకు వింతగా తోచింది ఏమిటంటే, తను వాడి చెయ్యి వంక చూడటం లేదు, కళ్ళలోకి చూస్తోంది. కాసేపటికి అక్క, "ఇప్పుడు ఇద్దరిలో ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు" అంది. ఇద్దరూ కదులుతూనే ఉన్నారు. ఎవరు మొదలుపెడుతున్నారో, ఎవరు అనుసరిస్తున్నారో నాకు తెలియలేదు. నాతో కూడా తలొంచుకుని మాట్లాడే పిల్ల, పరాయి పిల్లాడి కళ్ళలోకి అంతసేపు బెదరకుండా చూడటం అదే మొదలు.

ఇంకో ఆట ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఏ భాషా కాని భాషలో మాట్లాడాలి. గబగబా అర్థంలేని శబ్దాలు చేస్తూ ఒక వస్తువు అమ్మాలి. పాపకి గొడుగు వచ్చింది. "లబ్బుడి గిచాకు మొరిందో" అంటూ మొదలుపెట్టి, గొడుగు తెరిచి, మూసి, భుజాన వేసుకుని, బేరమాడి, కోపం తెచ్చుకుని, చివరికి ఒక కన్నడ పిల్లకి అమ్మేసింది. గొంతు హాలంతా వినిపించింది! మా ఆయన నావైపు తిరిగి చూశాడు. ఆ భాష ఎవరి సొంతమూ కాదు కదా. అందులో ముందున్నవాళ్ళు లేరు, వెనకబడ్డవాళ్ళు లేరు. వాక్యం తయారయ్యేదాకా మనసులో కూర్చుకోవాల్సిన పని అంతకన్నా లేదు.

ఇక వంటింటి సంగతి. ఆదివారం మధ్యాహ్నం పిల్లలిద్దరూ, అవ్వా, నేనూ కలిసి ఒక తీపి చెయ్యాలని పెట్టుకున్నాం. అక్క చెప్పిన షరతు ఇక్కడా పాటించాం: ఎవరి పని వాళ్ళదే, ఆ పని ఇంకొకరు చెయ్యరు. చిన్నోడికి ఏలకులు అప్పజెప్పాం. తొక్క తీసి గింజలు గిన్నెలో వెయ్యాలి, చిన్న రోట్లో దంచాలి. ఒక ఆదివారం వాడికి బుద్ధి పుట్టలేదు, బొమ్మ కారుతో వెళ్ళిపోయాడు. అవ్వ లేచి తీయబోతుంటే పాపే, "వద్దవ్వా, అది తమ్ముడి పని" అంది. ఏలకులు లేకుండానే సగ్గుబియ్యం పాయసం తిన్నాం. ఎవరమూ ఏమీ అనలేదు. రెండు చెంచాలు తిన్నాక వాడే గిన్నెలో వాసన చూసి, "ఇది పాయసం కాదు" అన్నాడు. తర్వాతి వారం నేను పిలవకముందే రోలు ముందు కూర్చున్నాడు.

ఆ పాయసంలో పాప పని కాచుకోవడం. బెల్లంతో చేసేటప్పుడు సగ్గుబియ్యం ఉడికి, బెల్లం కరిగాక పొయ్యి ఆపేయాలి. బాగా చల్లారాకే కాచి చల్లార్చిన పాలు పొయ్యాలి. వేడిమీద పోస్తే విరిగిపోతాయి, బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంటుంది కాబట్టి. గిన్నె పక్కన వేలితో తాకి చూసి "ఇప్పుడు పొయ్యొచ్చు" అని చెప్పాల్సింది తనే. తను చెప్పేదాకా పాల గిన్నె పట్టుకుని నేను నిలబడి ఉంటాను. ఏడేళ్ళ పిల్ల మాట కోసం ఇంట్లో పెద్దవాళ్ళు నిజంగా ఆగటం ఎంత పెద్ద సంగతో ఆ ముఖం చూస్తే తెలుస్తుంది.

పిల్లలకు బాగా నచ్చినది చైనా గ్రాస్. పది గ్రాముల ప్యాకెట్టు లీటరు పాలకి సరిపోతుంది. కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేసి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతోనే పూర్తిగా కరిగేదాకా మరిగించి, వడగట్టి, చక్కెర కలిపిన వేడి పాలలో పోసి పళ్ళెంలోకి వంపాలి. ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, బయటే గట్టిపడుతుంది. సముద్రపు నాచు నుంచి తీసేది కాబట్టి మాంసం తినని ఇళ్ళలోనూ ఇబ్బంది లేదు. ఇంకో లాభం, పచ్చి అనాస ముక్కలు వేసినా గడ్డకడుతుంది. జెలటిన్‌తో అయితే అది కుదరదు. జెలటిన్ ప్రొటీను, అనాసలోని ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. చిన్నోడు పళ్ళెం పక్కనే బోర్లా పడుకుని "ఇంకా వణుకుతోంది" "ఇప్పుడు వణకట్లేదు" అని కబురు చెప్తుంటాడు. బ్రెడ్ పుడ్డింగు కూడా చేస్తాం కానీ అందులో చక్కెర పాకం మాడ్చే పని మాత్రం నాదే, పిల్లలు వంటింటి గడప బయటే ఉండాలి. ఆ పాకం మరిగే నీళ్ళకన్నా చాలా వేడి, మీద పడితే చర్మానికి అంటుకుపోతుంది.

తీపి వారానికి ఒక్కసారే, చిన్న గిన్నెడు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రెండేళ్ళలోపు పిల్లలకు చక్కెర వెయ్యనే వద్దన్నారు. ఆ పైన కూడా, రోజంతా తిన్నదాంట్లో వచ్చే శక్తిలో పదోవంతుకు మించి కలిపిన చక్కెర నుంచి రాకూడదనీ, ఇరవయ్యో వంతుకు తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందుకే ఆదివారం తీపి ఉంది కాబట్టి మిగతా రోజుల్లో బిస్కెట్లూ చాక్లెట్లూ బాగా తగ్గించాం. "తీపి తింటే పిల్లలు గంతులేస్తారు, క్లాసులో కుదురుగా ఉండరు" అని తోటి తల్లి ఒకామె భయపడింది. ఆ భయం అక్కర్లేదు. అంతకు ముందు జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారదని 1995లోనే జామా అనే వైద్య పత్రికలో తేల్చారు. పళ్ళు పాడవడం, ఒళ్ళు రావడం వేరే విషయం, దానికి మాత్రం జాగ్రత్త పడాల్సిందే.

వరలక్ష్మీ వ్రతానికి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేశాం. బెల్లం, అరిటాకులు గాంధీ బజారులో తెచ్చాను. పండగ ముందు అక్కడ కాలు పెట్టే చోటుండదు, అయినా ఆ పూల వాసనలో నడవడం నాకిష్టం. గ్లాసు శనగపప్పుకి గ్లాసు బెల్లం. పప్పు వేళ్ళ మధ్య నొక్కితే చిదమాలి, గిన్నెలో మాత్రం గింజ గింజగా ఉండాలి. ఆ పరీక్ష పాపదే. వంచిన నీళ్ళతో అవ్వ చారు పెట్టింది, ఓళిగలు చేసిన రోజు ఆ చారు లేకపోతే మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు. పూర్ణం ఉండలు చిన్నోడు చేశాడు. ఒకటి నిమ్మకాయంత, ఒకటి ఉసిరికాయంత. అవ్వ ఒక్కదాన్నీ సరిచెయ్యలేదు. ఏ సైజు ఉండకి ఆ సైజు ఓళిగ అరిటాకు మీద తట్టి పెనం మీద వేసింది.

మధ్యలో ఒక శనివారం పిల్లల్ని జేపీ నగర్‌లోని రంగశంకరకి తీసుకెళ్ళాం. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ కోరుకున్న రంగస్థలం అది. ఆయన పోయాక భార్య అరుంధతీ నాగ్ పట్టుబట్టి కట్టించారు, 2004లో తెరిచారు. పిల్లల కోసమే ఆహా అనే నాటకోత్సవం కూడా అక్కడ జరుపుతారు. టైమంటే టైమే. ఆలస్యంగా వస్తే ఎవరైనా సరే లోపలికి వదలరు. ఆ నియమం నాకు ఎంతో నచ్చింది. నాటకం మొదలయ్యాక నడవడాలు, ఫోను వెలుగులు ఉండవు. మూడొందల పైచిలుకు సీట్ల హాలు కాబట్టి నటుల ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి. పాప మాట్లాడే నటుల కన్నా రంగం మీద పక్కన నిలబడ్డవాళ్ళనే ఎక్కువ చూసింది. బయటికొచ్చాక, "అమ్మా, మాట్లాడనివాళ్ళు కూడా ఊరికే లేరు, వింటున్నారు" అంది.

ఆగస్టు చివర్లో ప్రదర్శన కోసం కథ ఎంచుకున్నారు. పుణ్యకోటి కథ. కన్నడనాట ఆ ఆవు కథ వినకుండా పెరిగిన పిల్లలుండరు. అడవిలో పులికి దొరికిన ఆవు, బిడ్డకు పాలిచ్చి తిరిగొస్తానని మాటిచ్చి వెళ్ళి, అన్నట్టే తిరిగొస్తుంది. మనకి 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో పద్యాల్లో చెప్పినదీ ఈ ఆవు పులి కథే. కన్నడ పాటలో చివరికి పులి సిగ్గుపడి, పైకెగిరి ప్రాణం విడుస్తుంది. మా అమ్మ చెప్పే కథలో పులి చావదు, ఆవుకు దండం పెట్టి పంపేస్తుంది. పాప ఆ సంగతి క్లాసులో చెప్పింది. తనంతట తాను, చెయ్యెత్తి! పిల్లల్లో పెద్ద చర్చ నడిచిందట. పులి చావాలని కొందరు, ఆకలితో ఉన్న పులి తప్పేముందని కొందరు. "పులికి కూడా పిల్లలుంటే?" అని ఒక చిన్నపిల్ల అడిగిందట. అక్క తీర్పు చెప్పలేదు. చివరి సన్నివేశంలో పులి తలొంచుకుని అడవిలోకి నడిచి వెళ్ళిపోతుంది, బతికిందో లేదో చూసేవాళ్ళకే వదిలేద్దామని పిల్లలే తేల్చారు.

ఆ రోజుల్లో రాత్రుళ్ళు అవ్వ పిల్లలకు సురభి నాటకాల కబుర్లు చెప్పేది. సురభి అనే ఊరు మా కడప జిల్లాలోనే ఉంది. 1885లో వనారస గోవిందరావు అక్కడ కీచకవధ ఆడించడంతో ఆ నాటక కుటుంబాల చరిత్ర మొదలైంది. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలో సురభిలో ఆడవాళ్ళే వేశారు. పుట్టిన పిల్లలు చేతిలో బిడ్డ వేషంతోనే రంగం మీదికి వస్తారు. ప్రొద్దుటూరులో టెంటు వేసినప్పుడు అవ్వ నేలమీద కూర్చుని చూసిందట. "మాయాబజారులో లడ్లు వాటంతటవే ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడేవి నాయనా" అంటే చిన్నోడు నోరు తెరిచి, "మనమూ చేద్దాం అవ్వా" అన్నాడు. ప్రదర్శన రోజు అందరికీ పంచడానికి రవ్వలడ్లే చెయ్యాలని అప్పుడే నిర్ణయమైపోయింది.

పాపకి వచ్చిన పాత్ర పుణ్యకోటి తోటి ఆవుల్లో ఒకటి. పుణ్యకోటి చావడానికి వెళ్తూ తన దూడని తోటి ఆవులకి అప్పజెప్తుంది: ముందుకొస్తే కుమ్మకండి, వెనకొస్తే తన్నకండి, మీ బిడ్డే అనుకోండి అని. పాపకి మాట ఒక్కటే, "అలాగే". దాన్ని కన్నడంలో "ఆగలి" అనాలి. మిగతాదంతా వినడం. అలవాటు చొప్పున బంధువులొకరు ఫోనులో "ఒక్క మాటేనా?" అన్నారు. నేను అక్కని అడిగాను, అసంతృప్తితో కాదు, ఆ పాత్ర ఏం చేస్తుందో తెలుసుకోవాలని. "పుణ్యకోటి ఏడిస్తే చూసేవాళ్ళు ఏడవరు. పుణ్యకోటి మాట వింటున్నవాళ్ళ ముఖం చూసి ఏడుస్తారు. ఆ ముఖం మీ అమ్మాయిది" అంది.

దుస్తులకు ఖర్చేమీ లేదు. తెల్ల చున్నీ, తలకి తువ్వాలు, పాత చీర అంచుతో తోక. ఆ వారం అక్క చెప్పినట్టే ఇంట్లో ఒక్కసారి కూడా "ఏదీ, చేసి చూపించు" అనలేదు. లడ్ల పని పెట్టుకున్నాం. రవ్వ నేతిలో వేయించడం నాది, ద్రాక్షలు ఎంచడం చిన్నోడిది, గోరువెచ్చగా ఉన్నప్పుడే ఉండలు కట్టడం పాపా అవ్వా. చిన్నపిల్లలు కూడా వస్తారని జీడిపప్పు ముక్కలుగా వెయ్యకుండా పొడి చేసి కలిపాం, గొంతుకి అడ్డం పడతాయేమోనని.

దసరా సెలవుల ముందు ప్రదర్శన. అదే హాలు, నేలమీద చాపలు, ముప్ఫై నలభైమంది పెద్దవాళ్ళం. అంతా బాగా నడుస్తోంది. పుణ్యకోటి దూడని అప్పజెప్పే చోటుకి వచ్చేసరికి, దూడ వేసిన అయిదేళ్ళ పిల్లాడి తోక ఊడిపోయింది. వాడు నడి రంగం మీద కూర్చుండిపోయి, తోక చేతిలో పట్టుకుని, పెదవి విరిచాడు. వాళ్ళమ్మ నా పక్కనే ఉంది, లేవబోయింది. అక్క కళ్ళతోనే వద్దంది. పుణ్యకోటి తన మాటలు చెప్తూనే ఉంది. మా పాప కదిలింది. కంగారు లేదు, పరుగు లేదు, ఆవు నడక. వాడి వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, తోక తీసుకుని, నడుం దగ్గర ముడి వేసింది. వెనక్కి తిరిగి పుణ్యకోటి ముఖంలోకి చూసి, "ఆగలక్కా" అంది. పుణ్యకోటి వేసిన అమ్మాయి గొంతు నిజంగానే వణికింది. మా అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది, మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. తోక ఊడటం నాటకంలో భాగమేననుకున్నారు చూసినవాళ్ళు చాలామంది.

తర్వాత లడ్ల పళ్ళెం పట్టుకుని చిన్నోడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. "ఎవరు చేశారు?" అని అడిగినవాళ్ళకల్లా "ద్రాక్షలు నేనే" అని చెప్పాడు. ఇంకో ఇంటివాళ్ళు చిరోటి తెచ్చారు, తమిళ పిల్లాడి అమ్మ చక్కెర పొంగలి. దూడ పిల్లాడు తోక విప్పనివ్వకుండా దానితోనే తిన్నాడు.

ఇప్పుడు పాప బడిలో గలగలా మాట్లాడుతోందా అని అడుగుతారు. లేదు. ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది, నాకది సమ్మతమే. మారిందేమిటంటే, చెప్పాలనుకున్నది మింగడం తగ్గింది. క్లాసులో అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పండి" అంటోందని టీచరు చెప్పింది. కింద ఆడుకునేటప్పుడు ఇద్దరు పిల్లలు ఒకేసారి అరుస్తుంటే చెయ్యి అడ్డంపెట్టి "ఒకరి తర్వాత ఒకరు" అనడం నేనే బాల్కనీలోంచి విన్నాను. ఇది నాటకం వల్లా, ఏడు నిండి ఎనిమిదిలో పడటం వల్లా అంటే, రెండూ కలిసే అయ్యుంటాయి.

చేర్చాలనుకునేవాళ్ళకి నాకు తెలిసిన రెండు మాటలు. ఇలాంటి చిన్న బృందాలు పెద్ద బోర్డులు పెట్టవు, నాటకాలు చూడటానికి వెళ్తే అక్కడి నోటీసు బోర్డులోనో, పక్క సీటు తల్లిదండ్రుల దగ్గరో తెలుస్తాయి. మీ భాష వచ్చిన గురువు దొరక్కపోయినా వెనకాడకండి, ఆటలకి భాష అడ్డం రాదు. కన్నడం రాకుండా చేరిన పిల్లలు కూడా టర్ము అయ్యేసరికి నేర్చుకున్నారు, అది ఊరికే వచ్చిన లాభం.

పండగ సెలవులయ్యాక కొత్త టర్ముకి పాప పేరు మళ్ళీ రాయించాం. చిన్నోడిని కూడా తీసుకోమని అడిగితే అయిదు నిండాలంది అక్క. వాడికి అది మార్చిలో నిండుతుంది. అందాకా ఏలకులూ ద్రాక్షలూ వాడివే. వచ్చే ఆదివారం గసగసాల పాయసం, గసగసాలు నానబెట్టమని గుర్తుచేసే పని కొత్తగా అడిగి మరీ తీసుకున్నాడు.